నాలుగో మీట నొక్కడానికి ఒక మనిషి కావాలి

హార్డ్ డిస్క్ శుభ్రం చేస్తూ మూడు ఫోల్డర్లు చెరిపేశాను. ఈ వ్యాసమంతా ఆ పొరపాటు మీదే నడుస్తుంది కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

ఆఫీసులో నా పక్క సీటు అతను ఉద్యోగం మానేసి వెళ్తూ తన పాటల ఖజానా మొత్తం నాకు కాపీ చేసి ఇచ్చాడు. అందులో ‘జైరీకా’ అనే ఆల్బమ్ ఒకటి. తెరిస్తే నాలుగు ఫోల్డర్లు, ఒక్కోదానిలో ఎనిమిది పాటలు. నాలుగింటిలోనూ అవే పేర్లు, అదే వరుస. డేటాబేసులో ఒకే కస్టమర్ పేరు నాలుగుసార్లు పడితే మూడు తీసి పారేయడమే నాకు జీతమిచ్చే పని. చేయి ఊరుకోలేదు.

మిగిలిన ఒక్క ఫోల్డర్‌ను రెండు నెలలు విన్నాను. పొద్దున ఆఫీసు బస్సులో, బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద, ముందు బస్సు వెనకభాగం చూస్తూ. పాట నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి సన్నబడేది. పెళ్లి భోజనంలో అన్నం పెట్టినవాడు పప్పు తెస్తానని వెళ్లి మళ్లీ కనబడనట్టు, ఏదో మొదలై దాని వెనక రావలసింది వచ్చేది కాదు. ప్రయోగాత్మక సంగీతం కదా, ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. అనుకుని ఊరుకున్నా బాగుండేది. నిశ్శబ్దాన్ని వీళ్లు ఎంత ధైర్యంగా వాడుకున్నారో చూడమని మా ఫ్లాటులో ఉండే నెల్లూరు మిత్రుడికి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నేను మెచ్చుకున్న నిశ్శబ్దం నేను చెరిపేసిన ముప్పాతిక భాగం. ఫ్లేమింగ్ లిప్స్ అనే అమెరికన్ రాక్ బృందం 1997 అక్టోబరులో ఈ ఆల్బమ్‌ను నాలుగు సీడీలుగా విడుదల చేసింది. నాలుగింటినీ నాలుగు ప్లేయర్లలో పెట్టి, నాలుగింటినీ ఒకే క్షణంలో మొదలుపెట్టి వినాలి. ఒక్కో పాటలోని వాద్యాలూ గొంతులూ రొదా ఆ నాలుగు డిస్కుల మధ్య పంచి ఉంటాయి. రెండే పెట్టుకుని వినవచ్చు, మూడు పెట్టుకోవచ్చు, ప్రతిసారీ వేరే పాట వినబడుతుంది. పూర్తి పాట మాత్రం నాలుగూ కలిస్తేనే.

ఈ బృందం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇదంతా ఏసీ గదిలో కూర్చున్న మేధావుల పనిలా అనిపిస్తుంది. ఓక్లహోమా సిటీలో 1983లో పుట్టింది. పాటలు పాడే వేన్ కోయిన్ పదేళ్లకు పైగా ఒక ఫాస్ట్‌ఫుడ్ హోటల్లో చేపలు వేయించిన మనిషి. చిన్న కంపెనీల్లో రికార్డులు చేసుకుంటూ వచ్చి, తర్వాత వార్నర్ బ్రదర్స్‌కు మారారు. 1993 ఆల్బమ్‌లోని ఒక పాట అమెరికా రేడియోలో బాగానే మోగింది. 1996లో గిటారిస్టు రొనాల్డ్ జోన్స్ వెళ్లిపోయాడు. కోయిన్, స్టీవెన్ డ్రోజ్డ్, మైకేల్ ఐవిన్స్ ముగ్గురు మిగిలారు. ఆ స్థితిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇంకో గిటారిస్టును వెతుక్కుంటారు, ఇంకో హిట్ కోసం తాపత్రయపడతారు. వీళ్లు కారు పార్కింగుకు వెళ్లారు.

నిజంగానే. కోయిన్ పదుల కొద్దీ క్యాసెట్లు తయారుచేసి, పార్కింగులో ముప్పై దాకా కార్లను నిలబెట్టించి, ఒక్కో కారుకు ఒక్కో క్యాసెట్ ఇచ్చి, అందరూ ఒకేసారి మీట నొక్కమన్నాడు. ఏ కారులోనూ పూర్తి పాట లేదు. కార్ల మధ్య నడుస్తున్నవాడికే పాట. 1996, 97 సంవత్సరాల్లో ఇలాంటి ప్రయోగాలు కొన్ని చేశారు. ముప్పై కార్లు ఎవరి ఇంట్లోనూ పట్టవు కాబట్టి అదే ఆలోచనను నాలుగు సీడీలకు కుదించారు. నిర్మాత డేవ్ ఫ్రిడ్‌మన్‌తో కలిసి రికార్డ్ చేశారు. పేరు కూడా అలాంటిదే: అరాచకానికి గుర్తుగా జైర్, ‘దొరికింది!’ అని ఆర్కిమెడిస్ కేక వేసిన యురేకా, రెండూ కలిపి జైరీకా. తమాషా ఏమిటంటే ఆల్బమ్ వచ్చేనాటికి జైర్ అనే దేశం పేరు మ్యాపులో లేదు. ఆ ఏడాది మే నెలలోనే అది మళ్లీ కాంగో అయింది.

పిచ్‌ఫోర్క్ అనే అమెరికన్ సంగీత వెబ్‌పత్రిక దీనికి పదికి సున్నా వేసింది. 0.0 అని దశాంశ స్థానంతో సహా. నాలుగు సీడీ ప్లేయర్లు ఎవరి దగ్గర ఉంటాయన్నది దాని వాదన. ఆ సున్నాను వెక్కిరించడం సంగీతాభిమానులకు అలవాటు. నాకు మాత్రం అది న్యాయమైన కోపమే అనిపిస్తుంది. 1997లో చీరాల దగ్గర మా ఊళ్లో సీడీ ప్లేయర్ ఉన్న ఇల్లు ఒకటి ఉందేమో. అమెరికాలోనైనా ముగ్గురు స్నేహితుల ఇళ్ల నుంచి మోసుకురావాలి. డబ్బిచ్చి కొన్నవాడికి, ఇంటికెళ్లి వినడానికి వీల్లేని వస్తువు అమ్మితే కోపం రాదా?

నా తగువు ఆ సున్నాతో కాదు, ఆ లెక్క ఇప్పుడు ఎంత తలకిందులైందో చూడకుండా ఇదొక గిమ్మిక్కు అని తోసేసేవాళ్లతో. మారతహళ్లిలో మా మూడు గదుల ఫ్లాటులో ఒకరోజు లెక్కపెట్టాను. ఉండేది ముగ్గురం. శబ్దం చేయగల పరికరాలు పదకొండు. ఫోన్లు, ఆఫీసు లాప్‌టాప్‌లు, సొంత లాప్‌టాప్, టీవీ, మూడు బ్లూటూత్ స్పీకర్లు, వాటిలో ఒకటి ఏదో కంపెనీ దీపావళి బహుమతి. పిచ్‌ఫోర్క్ అడిగిన ప్రశ్నకు ఇప్పుడు ఏ బ్రహ్మచారి గదిలోనైనా జవాబుంది. కానీ ఆ పదకొండు పరికరాలున్న ఇంట్లో ఒకే గదిలో, ఒకే సమయంలో, నలభై అయిదు నిమిషాలు కూర్చునే నలుగురు మనుషులను పోగుచేయడానికి నాకు సరిగ్గా మూడు వారాలు పట్టింది.

నెల్లూరు వాడికి రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా అమెరికా కాల్స్. శ్రీకాకుళం వాడు శుక్రవారం సాయంత్రం నుంచి దొరకడు. రెండు శనివారాలు వరసగా ఎవరిదో పెళ్లి. మేం ముగ్గురం ఒకే గోడల మధ్య రెండేళ్లుగా ఉంటున్నాం, ముగ్గురం కలిసి ఒక పాట పూర్తిగా విన్న రోజు నాకు గుర్తులేదు. వంటగదిలో అన్నం కుక్కర్ కూత పెడితే ముగ్గురిలో ఎవరికీ వినబడని రోజులున్నాయి, ముగ్గురి చెవుల్లోనూ బయటి శబ్దాన్ని ఆపేసే హెడ్‌ఫోన్లు ఉండటం వల్ల. అలాంటి ఇంట్లో ఒంటరిగా వినడానికి వీల్లేని ఆల్బమ్ గిమ్మిక్కు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. నన్నడిగితే దీన్ని పాతికేళ్లు ముందుగా విడుదల చేసేశారు.

సరే, ఆ రాత్రి.

చెరిపేసిన మూడు ఫోల్డర్లనూ పాత సహోద్యోగి దగ్గర మళ్లీ తెచ్చుకున్నాను. ఎందుకని అడిగితే డిస్క్ పాడైందని అబద్ధం చెప్పాను. నాలుగో మనిషిగా మా బాబాయి దొరికాడు. కంటి పరీక్షకని ఊరి నుంచి వచ్చి మా దగ్గర నాలుగు రోజులున్నాడు. అరవై దాటిన మనిషి. ఆయన్ను అడగడానికి సంకోచించాను, ఈ గోలంతా ఆయనకెందుకని. బాబాయి పాతికేళ్లు మైకు సెట్టు నడిపాడన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టనే లేదు.

హాల్లో నాలుగు మూలలా నాలుగు పెట్టాను. మూడు బ్లూటూత్ స్పీకర్లు, నాలుగోది లాప్‌టాప్. ‘ఒకటి, రెండు, మూడు’ అని నేను లెక్కపెట్టగానే నలుగురం నొక్కాం. వచ్చిన శబ్దం సంత. ఎవరి పాట వారిది. మళ్లీ లెక్కపెట్టాం, మళ్లీ సంత. నాలుగోసారికి శ్రీకాకుళం వాడు ఫోన్లో క్రికెట్ స్కోరు చూడటం మొదలుపెట్టాడు.

బాబాయి లేచి ఒక్కో స్పీకర్‌ను చేత్తో పట్టుకుని చుట్టూ తిప్పి చూశాడు.

“వీటికి తీగ లేదా?”

“అవసరం లేదు బాబాయ్, గాల్లోంచే వస్తుంది.”

“గాల్లోంచి రావడానికి టైము పట్టదూ? తీగలున్నవి తీయండిరా.”

ఇది మీరు గుర్తుపెట్టుకోవలసిన మాట. బ్లూటూత్ అన్నది శబ్దాన్ని ముందు కుదించి, ముక్కలుగా పంపి, అవతల మళ్లీ విప్పుతుంది. దానికి సెకనులో అయిదో వంతు దాకా ఆలస్యం కావచ్చు, పైగా ఒక్కో స్పీకర్‌ది ఒక్కో ఆలస్యం. మనం ఎంత గురిగా నొక్కినా లాభం లేదు. పెట్టెల అడుగున దుమ్ము పట్టిన ఆక్స్ తీగలు, అంటే ఫోనును స్పీకర్‌కు కలిపేవి, రెండు దొరికాయి, మూడోది కింది ఫ్లాటు వాళ్లనడిగి తెచ్చాం. తర్వాత బాబాయి స్పీకర్ల చోట్లు మార్చాడు. మూలల్లోంచి లాగి గోడకు బారెడు ఇవతల పెట్టించాడు. రెండింటిని కుర్చీల మీదికెక్కించాడు. “మూలన పెడితే మోత, పాట రాదు” అన్నాడు. చివరకు హాలు మధ్యలో నిలబడి, చప్పట్లు ఒకటి కొట్టి, విని, తల ఊపాడు.

ఊళ్లో శ్రీరామనవమికి బాబాయి రెండు మైకు గొట్టాలు కట్టేవాడు. ఒకటి రామాలయం మీద, ఇంకోటి చెరువు గట్టు మీద రావిచెట్టుకు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళుతుంది కాబట్టి, రెండు గొట్టాలకూ నూటడెబ్భై మీటర్ల దూరముంటే, ఒకదాని కింద నిలబడ్డవాడికి రెండోది అర సెకను ఆలస్యంగా వినబడుతుంది. బుర్రకథలో కథకుడు ఒక మాట అంటే పక్కనున్న వంతలు అందుకునే లోపే, చెరువు వైపు నుంచి ఆ మాటే మళ్లీ వచ్చి పడేది. చిన్నప్పుడు నేను రెండింటికీ మధ్యలో, కిరాణా కొట్టు అరుగు మీద కూర్చునేవాణ్ణి. అక్కడ రెండూ కలిసేవి. కాస్త దూరం అటు జరిగితే విడిపోయేవి. మేం పిల్లలం దాన్నొక ఆటగా ఆడేవాళ్లం, కలిసే చోటు ఎక్కడో కాలితో గీత గీసేవాళ్లం. జైరీకా నాకు కొత్తగా తోచకపోవడానికి కారణం ఆ అరుగే అని బాబాయి చప్పట్లు కొట్టినప్పుడు తెలిసింది.

అయిదోసారి బాబాయి లెక్కపెట్టాడు. పాట కుదిరింది.

అది ఎలా ఉంటుందో చెప్పడం కష్టం కానీ ప్రయత్నిస్తాను. స్టీరియోలో పాట మన ఎదుట ఉంటుంది. ఇందులో మనం పాట లోపల ఉంటాం, పైగా కదలవచ్చు. వంటగది గుమ్మం దగ్గర గిటారు దగ్గరగా, గొంతు దూరంగా. సోఫా వెనక్కు వెళ్తే గొంతు చెవి పక్కన. మొదటి పాట అయ్యేసరికి నలుగురం లేచి తిరుగుతున్నాం. మామూలుగా కూర్చున్నచోటు నుంచి కదలని నెల్లూరు వాడు బాల్కనీ తలుపు దాకా వెళ్లి, “ఒరేయ్, ఇక్కడికి రండి, ఇక్కడ ఇంకో పాట ఉంది” అని పిలిచాడు. నేను రెండు నెలలు మెచ్చుకున్న నిశ్శబ్దాల్లోకి మూడు వైపుల నుంచి వాద్యాలు వచ్చి చేరుతుంటే సిగ్గూ ఆనందమూ ఒకేసారి కలిగాయి.

పదేపదే వినాలనిపించేది ‘థర్టీ ఫైవ్ థౌజండ్ ఫీట్ ఆఫ్ డిస్పెయిర్’. విమానం గాల్లో ఉండగానే దాని పైలట్ తన ప్రాణం తానే తీసుకునే కథ. చీకటి కథ, గది నలువైపుల నుంచీ వస్తుంటే ఎటు తిరిగినా తప్పించుకోలేం. ‘మార్చ్ ఆఫ్ ది రాటెన్ వెజిటబుల్స్’ డ్రమ్స్ పాట, నాలుగు స్పీకర్ల మధ్య డ్రమ్స్ పరుగెత్తుతుంటే మా శ్రీకాకుళం వాడు ఫోను పక్కన పెట్టేసిన చోటు అదే. ‘ఎ మెషీన్ ఇన్ ఇండియా’ అనే పది నిమిషాల పాట పేరు చూసి, మనల్ని అగరుబత్తి పొగలో ముంచుతారేమోనని కాస్త బెదిరాను. వింటున్నంతసేపూ ఇండియా గుర్తుకు రాలేదు, బతికిపోయాను.

అంతా బాగుందని అనను. ‘హౌ విల్ వి నో?’ అనే ఆరో పాటలో చెవికి అందీ అందని కీచు శబ్దాలూ, కడుపులో కదిలే మంద్ర శబ్దాలూ పెట్టారు. దానికోసం ఆల్బమ్ మీద హెచ్చరిక కూడా ఉంది, తల తిరగవచ్చు, బండి నడుపుతూ వినకండి, పసిపిల్లల దగ్గర పెట్టకండి అని. ఒకచోట మేం ముగ్గురం రెండు చేతులతో చెవులు మూసుకున్నాం. బాబాయి మా మొహాలు చూసి, “ఏమైంది? పాట ఆగిందా?” అన్నాడు. వయసుతో ముందుగా పోయేది కీచు శబ్దాలను పట్టే శక్తే. తాను పాతికేళ్లు గొట్టాల కింద నిలబడిన ఫలితమిదని ఆయనే అన్నాడు, నవ్వుతూనే. ఆ పాట నాకు నచ్చలేదు, రెండోసారి దాటేశాం. ఇంకో మాట, నాలుగు స్పీకర్ల హంగు తీసేస్తే ఈ ఎనిమిది పాటల్లో రెండు మూడు మామూలువే. ఇదే బృందం దీని తర్వాత, 1999లో తెచ్చిన ‘ది సాఫ్ట్ బులెటిన్’లో పాటలు పాటలుగా ఇంతకన్నా గట్టివి. ఇయర్‌ఫోన్లలో వినేదే కావాలంటే హాయిగా అది వినండి.

నాలుగు డిస్కులనూ కలిపి మామూలు స్టీరియోగా మార్చిన కాపీలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, అవి వింటే సరిపోదా అంటారు. విన్నాను. బాబాయికి కూడా మర్నాడు ఫోన్లో వినిపించాను. “జాతర రేడియోలో విన్నట్టుంది” అన్నాడు. నా అభ్యంతరం ఇంకొంచెం ముందుకెళుతుంది. ఏ రెండు ప్లేయర్ల గడియారాలూ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. లక్షలో అయిదు వంతుల తేడా ఉన్నా, పది నిమిషాల పాట ముగిసేసరికి రెండింటి మధ్య సెకనులో నూరింట మూడు వంతుల ఎడం వస్తుంది. అంతకు లోపు ఎడాన్ని చెవి ఒకే దెబ్బగా పట్టుకుంటుంది, దాటితే ఒక డ్రమ్ము దెబ్బ రెండుగా చీలడం మొదలవుతుంది. పైగా మన వేళ్ల తేడా ఉండనే ఉంది. అంటే మేం విన్న జైరీకాను మాకు ముందు ఎవరూ వినలేదు, మేం కూడా మళ్లీ వినలేం. నాలుగో మీట నొక్కినవాడి వేలు ఆ పాటలో ఒక వాద్యం. స్టీరియో కాపీ చేసినవాడు ఆ వేలిని తీసేశాడు. నేను మూడు ఫోల్డర్లు తీసేసినట్టే.

బెంగళూరులో రాక్ సంగీతమంటే ఇప్పటికీ ప్యాలెస్ గ్రౌండ్స్ మైదానం కథలే చెబుతారు. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా. మెటాలికా రోజు నేనూ ఉన్నాను, వేల తలల వెనక, వేదిక మీది మనుషులు అగ్గిపుల్లలంత కనబడుతుండగా. గొప్ప రాత్రే, కాదనను. కానీ అంత జనంలో నేను లేకపోయినా ఆ పాటలో తేడా ఏమీ వచ్చేది కాదు. మా హాల్లో ఆ రాత్రి నేను లేకపోతే మూడో డిస్కు లేదు.

వినదలచుకుంటే నాలుగు సంగతులు. తీగలు పెట్టుకోండి. నాలుగు స్పీకర్లూ ఒకే మోతాదులో లేకపోతే పెద్దదాన్ని తగ్గించండి, చిన్నదాన్ని పెంచకండి. ప్రతి పాటకూ మళ్లీ ఆపి, మళ్లీ లెక్కపెట్టి మొదలుపెట్టండి, లేకపోతే ఎడం పోగవుతూ వస్తుంది. నాలుగోది చెప్పడానికి మొహమాటంగా ఉంది, ఫోన్లు వాడితే అందరివీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మొదటిసారి మంచి రసపట్టులో మా అమ్మ ఫోను చేసింది. 2013లో దీన్ని నాలుగు ఎల్పీ రికార్డులుగా కూడా తెచ్చారు. నాలుగు టర్న్‌టేబుళ్లు ఉన్నవారెవరైనా ఉంటే నాకు వారితో పని ఉంది.

చివరి పాట సంగతి మిగిలింది. అది కుక్కల అరుపులతో ముగుస్తుంది. నాలుగు వైపుల నుంచీ కుక్కలు, ఉత్తి కుక్కలు. అప్పటికి పదకొండున్నర. మా వీధి సంగతి తెలిసినవాళ్లు నవ్వుకునే ఉంటారు. ముందు టీకొట్టు దగ్గర ఉండే గోధుమరంగుది అందుకుంది. తర్వాత ఖాళీ స్థలంలో ఉండే గుంపు. ఆ తర్వాత ఏది ఓక్లహోమా కుక్కో ఏది మారతహళ్లి కుక్కో తెలియలేదు. బాబాయి పడీపడీ నవ్వుతున్నాడు, అయిదో డిస్కు, అయిదో డిస్కు అంటూ.

తలుపు కొట్టారు. కింద ఉండే ఇంటి యజమాని. ఇంట్లో తెలుగే మాట్లాడే బెంగళూరు పెద్దాయన, మాటలో సగం కన్నడ.

“కుక్కలు పెంచుతున్నారా? అగ్రిమెంటులో రాసుకున్నాం గదా.”

లేవండీ అన్నాం. నమ్మలేదు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, బాత్రూము తలుపు తీసి చూశాడు. బాల్కనీలోకి తొంగి చూశాడు. సోఫా కింద కూడా. నేను క్షమాపణ మొదలుపెట్టేలోపే బాబాయి ఆయన చేతికి నా ఫోను ఇచ్చి, కుర్చీ మీది స్పీకర్ పక్కన నిలబెట్టాడు.

“నేను మూడు అనగానే ఇక్కడ నొక్కండి.”